గడప దాటిన మాట

పాతకాలంలో ఇళ్లు కట్టినవాళ్లు మాటల గురించి కూడా ఆలోచించే కట్టారేమో! వీధివైపు అరుగు. అక్కడ కూర్చుని మాట్లాడితే దారినపోయే వాళ్లందరికీ వినిపిస్తుంది. వినిపించాలనే మాట్లాడతారు కూడా. లోపలికొస్తే సావిడి. అది తెలిసినవాళ్లకి. ఇంకా లోపలికెళ్తే మండువా... ఇంటివాళ్లకి, దగ్గరి చుట్టాలకి. వెనకాల పెరడు, పిట్టగోడ. ఆ గోడ మీదుగా పక్కింటావిడతో గొంతు తగ్గించి చెప్పుకున్న మాట ఆ ఇద్దరి మధ్యే ఉండాలి. ఏ మాట ఎక్కడ మాట్లాడాలో ఎవరూ ఎవరికీ పాఠంలా చెప్పలేదు. పిల్లకి సంబంధం చూస్తున్న సంగతి అరుగు మీద ఎత్తరు. అప్పు సంగతి మండువా దాటనివ్వరు. వానలు పడలేదనీ, బియ్యం ధర పెరిగిందనీ ఎక్కడైనా అనొచ్చు.

చేతిలో ఉన్న ఫోన్లో ఈ గదులు లేవు. ఫేస్‌బుక్‌లో ఒకరికి ఆరువందల మంది స్నేహితులుంటే అందులో ఆఫీసులో పై అధికారి ఉంటాడు, పదో తరగతిలో పక్క బెంచీలో కూర్చున్నవాడు ఉంటాడు, మేనత్త ఉంటుంది, మేనత్త ఆడపడుచు కూడా ఉంటుంది. మాట ఒకటే, వినేవాళ్లు నాలుగు రకాలు. ఎవరికోసం రాసిందో తెలియక అందరూ తమకోసమే అనుకుంటారు. అక్కణ్నుంచి మొదలవుతాయి అలకలు.

వాట్సప్ కుటుంబం గ్రూపు వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. 2016 నుంచి అందులోని సందేశాలకి మొదటి నుంచి చివరిదాకా తాళం ఉంటోంది. పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఆ కంపెనీ కూడా చదవలేదు. తాళం గట్టిదే. కానీ తలుపు తీసేది మనవాళ్లే! నిశ్చితార్థం ఫొటో ముప్ఫైమంది ఉన్న గ్రూపులో పెడితే సాయంత్రానికి అది అటు తిరిగీ ఇటు తిరిగీ ఊరి అపార్టుమెంటు గ్రూపులోంచి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. పుకార్ల మూలంగా ప్రాణాలు పోయాక 2018లో వాట్సప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకి మించి పంపకుండా కట్టడి చేసింది. అది వేగం తగ్గించిందేగానీ మనసు మార్చలేదు. పైగా గ్రూపు అంటే ఒకే గది. అరుగూ మండువా రెండూ అందులోనే.

మరి పాత ఇంటి గదుల్ని ఫోన్లో మళ్లీ కట్టుకోలేమా అని కొందరు ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ గోడ బీటలిస్తోందో తెలుసుకోవడం కుటుంబం గ్రూపు ఉన్న ప్రతివాళ్లకీ పనికొచ్చేదే.

జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో మాస్టొడాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని లోకం ముందు పెట్టాడు. మాస్టొడాన్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగులాంటి జంతువు. ట్విటర్‌ది పిట్ట కిచకిచ అయితే దీనిది ఏనుగు ఘీంకారం అన్నమాట! చూడ్డానికి ట్విటర్‌లాగే ఉంటుంది. తేడా అంతా లోపల. ట్విటర్ ఒక్క కంపెనీది. మాస్టొడాన్ ఎవరిదీ కాదు. ఆ సాఫ్ట్‌వేర్ తీసుకుని ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. ఒక్కో సర్వర్ ఒక్కో ఊరనుకోండి. ఒక ఊరికి లక్షల జనాభా ఉండొచ్చు, ఇంకో ఊళ్లో ఇరవైమందే ఉండొచ్చు. ప్రతి ఊరికీ ఒక పెద్ద ఉంటాడు... అడ్మిన్. ఆ ఊరి కట్టుబాట్లు ఆయనవి. అయితే ఈ ఊళ్లు విడివిడిగా ఉండిపోవు. జీమెయిల్ వాళ్లు యాహూ వాళ్లకి మెయిల్ పంపినట్టే, ఒక ఊరివాళ్లు ఇంకో ఊరివాళ్లని అనుసరించవచ్చు, మాట్లాడవచ్చు. ఈ ఊళ్ల మధ్య ఉత్తరాలు నడిచే పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని అధికారికంగా ఆమోదించింది. ఫొటోలకి పిక్సెల్‌ఫెడ్, వీడియోలకి పీర్‌ట్యూబ్... ఇలా ఆ పద్ధతి పాటించే ఊళ్లన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు.

మనవాళ్లకీ ఆ ఊళ్లు కొత్త కాదు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విటర్ నిలిపేసినప్పుడు, దానికి నిరసనగా భారతీయులు చాలామంది మాస్టొడాన్‌కి మూటాముల్లె సర్దుకున్నారు. కొన్నాళ్లకి ఎక్కువమంది పాత గూటికే చేరారనుకోండి. అసలు వరద 2022 చివర్లో వచ్చింది. ఎలాన్ మస్క్ అక్టోబరులో ట్విటర్‌ని కొన్నాక, నెలనెలా మాస్టొడాన్ వాడేవాళ్లు 3 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగారు. నెలా రెండు నెలల్లోనే!

అలా వచ్చినవాళ్లకి మొదట ఎదురయ్యేది ఒక చిన్న ప్రశ్న. రాసిన ప్రతి ముక్కకీ పక్కనే ఒక గుర్తు ఉంటుంది... ఇది ఎవరు చూడాలి? జవాబులు నాలుగు. మొదటిది పబ్లిక్. నడివీధిలో దండోరా. రెండోదాన్ని చాలాకాలం ‘అన్‌లిస్టెడ్’ అనేవారు, 2024లో ‘క్వైట్ పబ్లిక్’ అని పేరు మార్చారు. ఇది అచ్చంగా అరుగు. దారినపోయేవాళ్లెవరైనా చూడొచ్చు, వినొచ్చు. కానీ ఎవరూ మైకు పెట్టి ఊరంతా చాటరు. వెతికితే దొరకదు, అందరూ చూసే వరసలో కనిపించదు. ఇంత నెమ్మదైన ఏర్పాటు పెద్ద కంపెనీల దగ్గర లేదు. ఎందుకుంటుంది? ప్రతి మాటనీ వీలైనంత మందికి చూపించడం వాళ్ల వ్యాపారం కదా. మూడోది, అనుసరించేవాళ్లకి మాత్రమే. సావిడి. నాలుగోది, పేరుపెట్టి పిలిచినవాళ్లకి మాత్రమే. చెవిలో మాట.

కాగితం మీద చూస్తే పాత ఇల్లు తిరిగొచ్చినట్టే ఉంది. వాడి చూస్తే తెలుస్తుంది, తలుపులకి కొన్నిచోట్ల గడియల్లేవు.

సావిడి సంగతే తీసుకోండి. ‘అనుసరించేవాళ్లకి మాత్రమే’ అని రాస్తే నిశ్చింతగా ఉండొచ్చనిపిస్తుంది. కానీ కొత్తగా అనుసరించేవాళ్లని ముందు అడిగి ఒప్పుకున్నాకే రానివ్వాలన్న సెట్టింగు విడిగా పెట్టుకోవాలి. అది పెట్టకపోతే ఎవరైనా ఒక్క బటన్ నొక్కి లోపలికొచ్చి కూర్చోవచ్చు. వీధి తలుపు బార్లా తెరిచి, సావిడి తలుపు మీద ‘తెలిసినవారికి మాత్రమే’ అని బోర్డు తగిలించినట్టు!

చెవిలో మాటలో ఇంకో తిరకాసు. ఇద్దరు స్నేహితురాళ్లు మూడో ఆవిడ గురించి మాట్లాడుకుంటున్నారనుకోండి. మాట మధ్యలో ఆవిడ ఖాతా పేరు యథాతథంగా రాశారో, ఆ ముక్క నేరుగా ఆవిడకే వెళ్తుంది. ఎందుకంటే అక్కడ పేరు రాయడమంటేనే పిలవడం. పల్లెటూళ్లో ‘పేరెత్తకు, వస్తుంది’ అంటారు చూడండి, అది ఇక్కడ అక్షరాలా నిజం. ఈ పొరపాటు వల్ల తెగిపోయిన స్నేహాలెన్నో!

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. చెవిలో మాట అన్నదానికి వాట్సప్‌లోలాగా తాళం లేదు. ఈ విషయాన్ని మాస్టొడాన్ దాచలేదు. రాసేటప్పుడే హెచ్చరిస్తుంది, రహస్యాలు ఇక్కడ రాయకండి అని. అది కవరులో పెట్టి అంటించిన ఉత్తరం కాదు, పోస్టుకార్డు. పోస్టుమాస్టారు తలుచుకుంటే చదవొచ్చు. మన ఊరి పోస్టుమాస్టారే కాదు, అందుకున్నవాళ్ల ఊరి పోస్టుమాస్టారు కూడా. సాధారణంగా ఎవరూ చదవరు. వాళ్లకి తీరికేదీ? కానీ కార్డులన్నీ ఒకచోట కట్టగట్టి ఉంటాయి. ఆ కట్ట ఎవరి చేతిలో పడుతుందన్నదే భయం.

అది ఉత్తి భయం కాదని 2023లో తేలింది. కలెక్టివా అని ఉద్యమకారులు ఎక్కువగా ఉండే ఒక మాస్టొడాన్ సర్వర్ ఉంది. ఆ ఏడాది మే నెలలో అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్లు ఆ సర్వర్ అడ్మిన్లలో ఒకరి ఇంటిని సోదా చేశారు. సోదా సర్వర్ కోసం కాదు, ఆ వ్యక్తి మీద ఉన్న వేరే వ్యవహారం గురించి. కానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ సరంజామా అంతా పట్టుకెళ్లారు. ఆ సమయానికి సర్వర్ మరమ్మతు కోసం తీసిపెట్టిన నకలు ఒకటి తాళం లేకుండా అందులోనే ఉంది. సభ్యుల రాతలు, ఒకరికొకరు రాసుకున్న సొంత మాటలు, ఈమెయిల్ చిరునామాలు... అన్నీ. వాళ్లలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. సెట్టింగులు కూడా జాగ్రత్తగానే పెట్టుకుని ఉంటారు. ఊరిపెద్ద ఇంటికి పోలీసులొస్తే ఊరందరి ఉత్తరాలూ పోయాయి. పెద్ద కంపెనీ అయితే కోర్టు కాగితం అడుగుతుంది, లాయర్లని పెడుతుంది. పడకగది పక్కన సర్వర్ నడుపుకునే మనిషికి అంత బలగం ఎక్కడిది?

దీనికన్నా విచిత్రమైన ఉదంతం 2025 మార్చిలో జరిగింది. అది అర్థం కావాలంటే ముందు ఉత్తరాలు ఎలా పంచుతారో తెలియాలి. ఒకావిడకి పక్క ఊళ్లో పదిమంది అనుసరించేవాళ్లున్నారనుకోండి. ఆవిడ సావిడిలో మాట ఒకటి రాస్తే పక్క ఊరికి పది ఉత్తరాలు వెళ్లవు. మామూలుగా ఒక్క నకలే వెళ్తుంది. దాన్ని ఎవరెవరికి చూపించాలో పక్క ఊరి పోస్టాఫీసు తన దగ్గరున్న జాబితా చూసి నిర్ణయిస్తుంది. ఆ జాబితా సరిగ్గా ఉంటుందన్నది ఒక నమ్మకం.

పిక్సెల్‌ఫెడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ జాబితా తప్పింది. అనుమతి అడిగాకే అనుసరించనివ్వాలని తలుపేసుకున్న వేరే ఊరి ఖాతాలకి కూడా అది అనుమతి కోసం ఆగలేదు. ఎవరైనా అడిగీ అడగ్గానే, జవాబు రాకముందే, వాళ్లని జాబితాలో చేర్చేసుకుంది. అప్పటికే ఆ ఊళ్లో ఒక్క నిజమైన స్నేహితుడున్నా చాలు, అతని కోసం వచ్చిన నకలు ఈ పిలవని పేరంటానికి వచ్చినవాళ్లకీ కనిపించింది. గమనించారా, ఇందులో నష్టపోయినవాళ్లు పిక్సెల్‌ఫెడ్ వాడేవాళ్లు కాదు. జీవితంలో దాని మొహం చూడనివాళ్లు కూడా కావచ్చు. తాళం వేసింది తన ఇంటికి, పోయింది పక్క ఊళ్లో. తాను వేరే ఊరివాళ్లకి కనిపించిపోయినట్టు ఆ మనిషికి తెలిసే దారి కూడా లేదు. లోపం తెలిశాక పిక్సెల్‌ఫెడ్ వాళ్లు దాన్ని సరిదిద్దారు. కానీ ప్రతి సర్వర్ అడ్మినూ ఆ సవరణని ఎవరిది వాళ్లు వేసుకోవాలి. వేసుకునేవరకు అక్కడ గడియ లేనట్టే.

ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ తప్పని కొట్టిపారేయడం తేలిక. అసలు ఈ పద్ధతి పునాదిలోనే ఒక ఖాళీ ఉంది. ఉత్తరం మీద ‘ఫలానావారికి’ అని రాయడానికి యాక్టివిటీపబ్‌లో చోటుంది. అందుకున్నవాళ్లు ఇంకెవరికీ చూపకుండా ఆపే తాళం మాత్రం అందులో లేదు. చెరిపేయడం కూడా అంతే. ఇక్కడ చెరిపేస్తే, ‘దయచేసి మీ దగ్గరున్న నకలు కూడా చించేయండి’ అని మిగతా ఊళ్లకి కబురు వెళ్తుంది. మంచివాళ్లు చించేస్తారు. ఒకవేళ చించకపోతే చేసేదేమీ లేదు. కాబట్టి ఇక్కడ ‘ప్రైవేట్’ అన్న మాటని ఆజ్ఞగా కాదు, మనవిగా చదువుకోవాలి. సావిడి, చెవిలో మాట అని ముచ్చటైన గుర్తులు పెట్టి ఆ తేడాని జనానికి గట్టిగా చెప్పకపోవడం ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ల లోపమే.

ఈ లోపాన్ని కొత్త తాళంతో కాకుండా వేరే దారిలో సరిచేయాలనుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో ఉండే డేరియస్ కజేమీ. కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన తన స్నేహితుల కోసం ఫ్రెండ్ క్యాంప్ అని ఒక సర్వర్ పెట్టాడు. సభ్యులు సుమారు యాభైమంది. కావాలనే అంతే. లక్షమందిని చేర్చుకోవాలన్న తాపత్రయం లేదు. 2019లో, ‘మీ స్నేహితుల కోసం చిన్న సామాజిక వేదికని మీరే నడుపుకోవడం ఎలా’ అని వివరంగా రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అందులో సర్వర్లూ తీగలూ గురించి ఉన్నదానికన్నా మనుషుల గురించే ఎక్కువ ఉంటుంది. ఎవరిని రానివ్వాలి, తగువులొస్తే ఎవరు తీర్చాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి... సరిగ్గా కొత్తగా కాపురం పెట్టేవాళ్లకి పెద్దలు చెప్పేలాంటివి.

మాస్టొడాన్‌ని కాస్త మార్చి ఆయన హోమ్‌టౌన్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. అందులో ముఖ్యమైనది ఒకే ఒక్క గుర్తు... ‘ఈ మాట మన ఊరు దాటదు’. ఆ గుర్తు పెట్టి రాస్తే ఆ రాత వేరే ఏ సర్వర్‌కీ వెళ్లదు. నకలే బయటికి పోనప్పుడు పక్క ఊరి పోస్టాఫీసు జాబితా తప్పినా భయం లేదు. చించేయమని బతిమాలాల్సిన పనీ లేదు. గ్లిచ్ అని పిలిచే ఇంకో మాస్టొడాన్ రూపంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. అసలు మాస్టొడాన్ మాత్రం దాన్ని తనలో కలుపుకోలేదు. ఊళ్లన్నీ కలవడానికే కదా ఈ పద్ధతి, మాటని ఊళ్లోనే ఆపేస్తే ఎలా అన్న వాదన ఒకటుంది. వాదన బాగానే ఉంది. కానీ అరుగున్న ఇంటికి మండువా అక్కర్లేదంటే ఎలా? యాభైమంది మధ్య ఒక జోకు పేలుతుంది. అదే జోకు ముక్కూమొహం తెలియని ఐదువేలమందికి కనిపిస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఒంట్లో బాగోలేదనో, ఉద్యోగం పోయేలా ఉందనో యాభైమందితో చెప్పుకోవచ్చు. ప్రపంచంతో చెప్పుకోలేం.

అయితే చిన్న ఊళ్లు స్వర్గాలేమీ కావు. ఆ మాట పల్లెటూళ్లో పుట్టి పెరిగినవాళ్లని అడగండి! ఊళ్లో మందుల షాపు ఉన్నా కొన్ని మందులు కొనడానికి ఆడవాళ్లు పనిగట్టుకుని బస్సెక్కి టౌనుకెళ్తారు. షాపతను తెలిసినవాడు కావడమే కష్టం. పరాయివాడు చూసినా ఫరవాలేదు, బావగారి స్నేహితుడు చూస్తే ఎలా? చిన్న సర్వర్‌లో ఊరిపెద్ద మన స్నేహితుడే. నమ్మకస్తుడే. కానీ భార్యాభర్తలు విడిపోతున్నప్పుడు, స్నేహితులు రెండు జట్లైనప్పుడు ఆ పోస్టుకార్డుల కట్ట ఆయన దగ్గరే ఉంటుందన్న సంగతి గుర్తుకొస్తుంది. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న కంపెనీ ఉద్యోగికి మన పేరు కూడా తెలియదు. ఎవరు చదివితే ఎక్కువ బాధ? దీనికి అందరికీ ఒకటే జవాబుండదు. ఆపదలో ఉన్నవాళ్లు, ఇంట్లో హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, తమ స్వభావాన్ని ఇంట్లో చెప్పుకోలేక దాచుకున్నవాళ్లు ఈ లెక్కని మిగతావాళ్లకన్నా చాలా జాగ్రత్తగా వేసుకుంటారు. ఫెడివర్స్‌కి మొదట్లో వచ్చినవాళ్లలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

అందుకే గోడల గురించి అక్కడ అంత గొడవ జరుగుతుంది. ఒక సర్వర్ అడ్మిన్ ఇంకో సర్వర్‌ని పూర్తిగా వెలివేయవచ్చు. అటు ఉత్తరాలు ఇటు రావు, ఇటువి అటు పోవు. 2019 జులైలో ద్వేషపు రాతలకి పేరుపడ్డ గ్యాబ్ అనే వేదిక మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్ తీసుకుని ఈ ఊళ్ల సమూహంలోకి అడుగుపెట్టింది. చాలా ఊళ్లు చెప్పుకోకుండానే ఒకటై దాన్ని వెలివేశాయి. అక్కడ పెద్దగా పేచీ రాలేదు. 2023లో మాత్రం వచ్చింది. ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ జులైలో థ్రెడ్స్ మొదలుపెట్టి, అది కూడా యాక్టివిటీపబ్ మాట్లాడుతుందని చెప్పింది. కోట్లమంది ఉన్న మహానగరం పక్కన చిన్న పల్లెలు! వందలాది అడ్మిన్లు థ్రెడ్స్‌ని గుమ్మంలోకి కూడా రానివ్వమని ముందే ఒట్టు వేసుకున్నారు. మాకు తెలియకుండా మా మాటలు ఆ కంపెనీ గోదాముల్లోకి పోతాయన్నది వాళ్ల భయం. మిగతావాళ్ల వాదన వేరు. మా అక్క థ్రెడ్స్‌లో ఉంది, పాత స్నేహితులు అక్కడున్నారు, ఇన్నాళ్లకి వాళ్లతో మాట్లాడే వీలొస్తే తలుపెందుకు మూస్తారు?

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చిక్కేమిటంటే నిర్ణయం ఒక్కరిది కాదు. అడ్మిన్ గోడ కడితే ఆ ఊరివాళ్లందరికీ గోడే. అటువైపు స్నేహితులతో ఉన్న లంకె తెగిపోతుంది. తర్వాత గోడ తీసినా ఆ లంకె దానంతటది అతుక్కోదు, మళ్లీ వెతుక్కుని కలుపుకోవాలి. గోడ కట్టకపోతే భయపడేవాళ్లు ఊరొదిలి వెళ్లిపోతారు. ఫేస్‌బుక్‌లో గోప్యత అంటే ఎవరి సెట్టింగు వాళ్లది. ఇక్కడ అది ఊరుమ్మడి వ్యవహారం, చెరువు నీళ్లలాగా. ఈ సంగతి అర్థంకాకుండా వచ్చినవాళ్లే ఎక్కువగా నొచ్చుకుని వెళ్లిపోయారు.

అరుగు మీద మాటకి కూడా ఒక మర్యాద ఉందని తెలిసింది మాత్రం 2024 ఫిబ్రవరిలో. రయన్ బారెట్ అనే ప్రోగ్రామర్, మాస్టొడాన్‌లో అందరికీ కనిపించేలా రాసిన రాతల్ని బ్లూస్కై అనే ఇంకో వేదికకి చేరవేసే వంతెన కట్టబోయాడు. వద్దన్నవాళ్లు తప్ప మిగతా అందరివీ వెళ్తాయన్నాడు. మంచి ఉద్దేశమే. డబ్బు కోసమూ కాదు. కానీ వందలమంది మండిపడ్డారు. పబ్లిక్‌గా రాసింది ఎవరు చదివితే ఏమైందని ఆయన పక్షం. అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే వినొచ్చు, కానీ రికార్డు చేసి పక్క జిల్లాలో మైకు పెట్టి వినిపిస్తే ఊరుకుంటామా అని వీళ్ల పక్షం. చివరికి బారెట్ పద్ధతి మార్చాడు. కావాలని అడిగినవాళ్ల మాటలే వంతెన దాటుతాయి.

ఆ మర్యాదని మాస్టొడాన్ కూడా కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌లోకే ఎక్కించింది. ఎవరి రాతలైనా అక్షరం అక్షరం వెతికే సదుపాయం 2023 సెప్టెంబరులో తెచ్చినప్పుడు, ‘నావి వెతకొచ్చు’ అని ఒప్పుకున్నవాళ్లవి మాత్రమే దొరికేలా పెట్టింది. ఒకరి మాటని ఎత్తిచూపుతూ దానిమీద వ్యాఖ్య రాసే సదుపాయం 2025లో వచ్చింది. ట్విటర్‌లో పదిమందీ చేరి ఒకరిని ఎగతాళి చేయడానికి అది ఎలా పనికొచ్చిందో చూశాక, ఎన్నో ఏళ్లు వద్దనుకుని ఆపిన ఏర్పాటది. తెచ్చేటప్పుడు మాత్రం ‘నా మాటని ఎవరు ఎత్తిచూపవచ్చు’ అన్న నిర్ణయం రాసినవాళ్ల చేతికే ఇచ్చింది. స్క్రీన్‌షాట్ తీసేవాణ్ని ఎవరాపగలరు అంటారా? ఎవరూ ఆపలేరు. కానీ గోడ దూకాల్సిరావడం వేరు, తలుపు తీసి ఉండడం వేరు.

డాలస్‌లో ఒకరు, మెల్‌బోర్న్‌లో ఒకరు, విజయవాడలో అమ్మానాన్నలు... ఇలా చెదిరిన తెలుగు కుటుంబాలకి ఇంటికో సర్వర్ కావాలని ఎవరూ చెప్పరు. నెలనెలా అద్దె కట్టాలి, సవరణలు వేసుకోవాలి, అర్ధరాత్రి ఆగిపోతే లేచి చూడాలి. బాబాయి కొడుకు ఇంజినీరింగ్ చదివాడని ఆ భారమంతా వాడి నెత్తిన పెడితే వాడి పెళ్లయ్యేదాకానే నడుస్తుంది. కానీ ఆ యాభైమంది అడ్మిన్‌ని అడిగిన ప్రశ్నలు ఉన్న గ్రూపులోనూ అడగొచ్చు. ఇందులో ఎవరెవరున్నారు? ఎప్పుడో సంబంధం మాట్లాడటానికి చేర్చిన మధ్యవర్తి ఇంకా ఉన్నాడా? మనవరాలి ఫొటో పెట్టేముందు దాని తల్లిని ఎవరైనా అడిగారా? ఒక నాయనమ్మ కుటుంబం గ్రూపులో పెట్టిన స్కాన్ రిపోర్టు చూసి వియ్యాలవారు ఫోన్ చేస్తే, తాళం ఎంత గట్టిదైతే ఏం లాభం?

చిన్న ఊళ్లకి ఇంకో కష్టం కూడా ఉంది. అవి మూతపడుతుంటాయి. నడిపేవాళ్లకి ఓపిక తగ్గుతుంది, డబ్బులు చాలవు, జబ్బు చేస్తుంది. మాస్టొడాన్ తన జాబితాలో చేర్చుకునే సర్వర్లకి 2019లో కొన్ని షరతులు పెట్టింది. అందులో ఒకటి, మూసేయాలంటే కనీసం మూడు నెలల ముందు చెప్పాలి. ఇంకొకటి, అత్యవసరమైతే లోపలికెళ్లి చూడగలిగే మనిషి ఇంకొకరైనా ఉండాలి. తాళంచెవి పక్కింట్లో ఇచ్చినట్టు. కానీ జాబితాలో లేని చిన్న సర్వర్లు ఎన్నో. కొన్ని ఒకరోజు పొద్దున్నే మాయమైపోతాయి. అక్కడివాళ్ల రాతల నకళ్లు మాత్రం ప్రపంచంలోని మిగతా ఊళ్ల పోస్టాఫీసుల్లో అలాగే ఉండిపోతాయి. వాటిని చించేయమని అడగడానికి, అడిగింది నిజంగా వాళ్లేనని రుజువు చేయడానికి, అసలు ఊరే లేదు.

మర్యాదగా మూసేవాళ్లు ఇంకో పద్ధతి పాటిస్తారు. మూసేముందు సర్వర్‌కి ఒక ఆదేశం ఇస్తారు. అప్పటిదాకా తనతో ఉత్తరాలు నడిపిన ప్రతి ఊరికీ అది ఒక్కొక్క ఖాతా పేరునా కబురు పంపడం మొదలుపెడుతుంది, ఇతని నకళ్లు తీసేయండి, ఈమె నకళ్లు తీసేయండి అని. ఆ కబుర్లన్నీ వెళ్లేదాకా సర్వర్‌ని ఆపకూడదు. సభ్యులెవరూ ఉండరు. కొత్త రాతలు లేవు. అడ్మిన్ మాత్రం అద్దె కట్టుకుంటూ ఆ ఖాళీ ఇంటిని ఇంకొన్నాళ్లు తెరిచి ఉంచుతాడు.